గ్రాంట్ అయిపోయాక స్కూల్ క్లినిక్ ఇన్సూరెన్స్ డబ్బుతో నడుస్తుందా?

మీరడిగింది ఇదీ: అమెరికాలో మీ పిల్లలు చదివే స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్ళు హైస్కూల్లో ఒక హెల్త్ సెంటర్ పెడుతున్నారు, రెండేళ్ళకి గ్రాంట్ వచ్చింది, ఆ తర్వాత పిల్లల ఇన్సూరెన్స్‌కి బిల్ చేసుకుంటూ దానంతట అదే నడిచిపోతుందని కమిటీలో అందరూ అంటున్నారు, పేరెంట్ తరఫున మిమ్మల్ని కమిటీలో వేశారు, ఈ లెక్క అయ్యేదేనా అని.

అవ్వదండి. పూర్తిగా అయితే అవ్వదు. కానీ ఖర్చులో పావు వంతు వస్తుందా, సగం దాటి వస్తుందా అనేది మాత్రం క్లినిక్ తలుపు తీయకముందే డిసైడ్ అయిపోతుంది, అది మీ కమిటీ చేతిలోనే ఉంది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

నా సంగతి ఒక్క ముక్క. అమీర్‌పేటలో మూణ్ణెల్ల మెడికల్ బిల్లింగ్ కోర్సు చేసి హైదరాబాద్‌లో ఏఆర్ కాలర్‌గా మొదలుపెట్టాను, అంటే రాత్రి క్యాబ్ ఎక్కి తెల్లారేదాకా అమెరికా ఇన్సూరెన్స్ కంపెనీలకి ఫోన్ చేసి ఈ క్లెయిమ్ ఎందుకు కట్టలేదమ్మా అని అడగడమే పని. ఇక్కడికొచ్చాక ఒక కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌లో చేరాను, ఇప్పుడు అక్కడే బిల్లింగ్ చూస్తున్నా, మా కింద నాలుగు స్కూల్ సైట్లు ఉన్నాయి. అప్పుడు ఫోన్‌లో అడిగిన డినైయల్సే, అంటే ఇన్సూరెన్స్ కట్టనని తిప్పికొట్టిన క్లెయిములే, ఇప్పుడు నా టేబుల్ మీదకి వస్తున్నాయి, అంతే తేడా.

ముందు ఒక విషయం. స్కూల్ క్లినిక్‌లు ఇన్సూరెన్స్‌ని నమ్ముకుని పుట్టలేదు. 1967లో మసాచుసెట్స్ కేంబ్రిడ్జ్‌లో, 1970లో డల్లాస్‌లో, 1973లో మిన్నెసోటా సెయింట్ పాల్‌లో మొదలైనప్పుడు అన్నీ పబ్లిక్ డబ్బు, ఫౌండేషన్ డబ్బు, డాక్టర్ దగ్గరికి వెళ్ళలేని పిల్లలకి డాక్టర్నే స్కూల్‌కి తెద్దామనే ఆలోచన. బిల్లింగ్ తర్వాత వచ్చి చేరింది. 2010 ఒబామాకేర్ చట్టంలో స్కూల్ హెల్త్ సెంటర్లకి 200 మిలియన్ డాలర్లు పెట్టారు, నాలుగేళ్ళకి ఏడాదికి 50 చొప్పున, కానీ అది బిల్డింగ్‌కీ సామాన్లకీ మాత్రమే, జీతాలకి వాడకూడదు. ఎగ్జామ్ టేబుల్ మీద ప్లాస్టిక్ కవర్ కూడా తీయకుండా పడున్న గది నేను కళ్ళారా చూశా, ఎందుకంటే అందులో కూర్చుని డాక్టర్లా చూసి మందు రాసే నర్స్ ప్రాక్టీషనర్‌కి జీతమిచ్చేవాళ్ళు లేరు. మీ గ్రాంట్ కాగితం తీసి అందులో జీతాలకి ఎంత, గోడలకి ఎంత అని ఈరోజే చూడండి.

ఇప్పుడు అసలు ప్రశ్న, మీ కమిటీ వాళ్ళు ఇంకా అడగనిది. క్లినిక్ ఎవరి లైసెన్స్ మీద నడుస్తుంది? డిస్ట్రిక్టా, ఊళ్ళో హాస్పిటలా, లేక ఫెడరల్ గుర్తింపు ఉన్న కమ్యూనిటీ హెల్త్ సెంటరా, అదే అందరూ ఎఫ్‌క్యూహెచ్‌సీ అంటారే అదా? గోడలు అవే, పిల్లాడు అతనే, గొంతునొప్పి అదే, కానీ మెడికెయిడ్, అంటే తక్కువ ఆదాయం వాళ్ళకి ప్రభుత్వమిచ్చే ఇన్సూరెన్స్, కట్టే డబ్బు మాత్రం మూడింటికీ వేరు. 2016-17 లెక్కల్లో దేశంలో 2,584 స్కూల్ హెల్త్ సెంటర్లు ఉంటే అందులో సగం పైగా ఎఫ్‌క్యూహెచ్‌సీలే నడిపాయి, అది ఊరికే కాదు.

ఎఫ్‌క్యూహెచ్‌సీకి మెడికెయిడ్ పీపీఎస్ రేటు అని ఒకటిస్తుంది. మనకి ఆరోగ్యశ్రీలో ఫలానా ఆపరేషన్‌కి ఇంత అని ప్యాకేజీ ఉంటుంది కదా, ఇక్కడ ఒక విజిట్‌కి ఇంత అని ప్యాకేజీ, లోపల గొంతు చూసినా ఆస్తమా చూసినా అదే రేటు. 2000లో చట్టం చేసి 2001 జనవరి నుంచి అమలు చేశారు, అప్పటికే నడుస్తున్న సెంటర్లకి 1999, 2000 ఖర్చుల సగటు తీసుకుని రేటు కట్టారు, ఏటా ఒక ఇండెక్స్ ప్రకారం పెంచుతారు. కొత్త సెంటర్లకి పక్కనున్న అలాంటి సెంటర్ల రేటు చూసి ఇస్తారు. మెడికెయిడ్ మేనేజ్డ్ కేర్ కంపెనీ, అంటే రాష్ట్రం తరఫున మెడికెయిడ్ నడిపే ప్రైవేట్ ప్లాన్, తన రేటు ప్రకారం తక్కువ కడితే మిగిలిన తేడా రాష్ట్రం కట్టాలి, దాన్ని ర్యాప్ పేమెంట్ అంటాం. ఆ ర్యాప్ వచ్చేసరికి ఒక్కోసారి నెలలు పడుతుంది, ఆలోపు జీతాలు మాత్రం రెండు వారాలకోసారి ఇవ్వాల్సిందే, అది వేరే తలనొప్పి.

లెక్క వేసి చూపిస్తా. ఈ అంకెలు అర్థమవడానికి నేను వేసుకున్నవి, మీ రాష్ట్రంవి మీరు పెట్టుకోండి. ఒక నర్స్ ప్రాక్టీషనర్, ఒక మెడికల్ అసిస్టెంట్, సగం రోజు కౌన్సెలర్, ఫ్రంట్ డెస్క్, మందులు, సాఫ్ట్‌వేర్ కలిపి ఏడాదికి 3,20,000 డాలర్ల ఖర్చనుకోండి. స్కూల్ 180 రోజులంటారు గానీ మొదటి వారం, పరీక్షలు, మంచు పడి మూసేసిన రోజులు, హాఫ్ డేలు తీసేస్తే చేతికొచ్చేది 160. రోజుకి 9 మంది అనుకుంటే 1,440 విజిట్లు. అందులో 864 మెడికెయిడ్, 288 అమ్మానాన్నల ఉద్యోగం ఇన్సూరెన్స్, 288 ఏ ఇన్సూరెన్సూ లేనివాళ్ళు. మామూలు మెడికెయిడ్ రేటు విజిట్‌కి సగటున 70 వచ్చిందనుకుంటే 60,480. ఉద్యోగం ఇన్సూరెన్స్ నుంచి చేతికొచ్చేది సగటున 80 అంటే 23,040. మొత్తం 83,520, అంటే ఖర్చులో పావు మీద కొంచెం. అదే క్లినిక్ ఎఫ్‌క్యూహెచ్‌సీ కింద ఉండి పీపీఎస్ 190 అయితే మెడికెయిడ్ ఒక్కటే 1,64,160, మొత్తం 1,87,200, సగం దాటింది. ఒక్క పిల్లాడిని కూడా ఎక్కువ చూడలేదు చూడండి.

కమిటీ ప్రెజెంటేషన్‌లో రోజుకి 16 మంది, 180 రోజులు అని రాసి ఉంటే ఆ కాగితం నమ్మకండి. స్కూల్లో పిల్లాడు క్లినిక్‌కి రావాలంటే టీచర్ వదలాలి, పాస్ రాయాలి, లంచ్ టైంలో వస్తే పది మంది ఒకేసారి వస్తారు, మ్యాథ్స్ పీరియడ్‌లో అయితే ఒక్కడు రాడు.

దీనికి ఒక మెలిక ఉంది. ఎఫ్‌క్యూహెచ్‌సీ తనకి నచ్చినచోట గది తీసి ఆ రేటు అడగలేదు, ఆ స్కూల్ అడ్రస్ ఫెడరల్ ఏజెన్సీ హెచ్‌ఆర్‌ఎస్‌ఏ దగ్గర వాళ్ళ స్కోప్‌లో సైట్‌గా అప్రూవ్ అవ్వాలి, మాల్‌ప్రాక్టీస్ కవరేజీ (వైద్యంలో తప్పు జరిగిందని కేసు వేస్తే కాపాడేది) కూడా దాన్ని బట్టే ఉంటుంది. ఇంకోటి, పీపీఎస్ విజిట్ అనిపించుకోవాలంటే పిల్లాడిని చూసింది డాక్టరో నర్స్ ప్రాక్టీషనరో ఫిజీషియన్ అసిస్టెంటో సైకాలజిస్టో లైసెన్స్ ఉన్న క్లినికల్ సోషల్ వర్కరో అయ్యుండాలి, ఇంకెవరెవరు కుదురుతారో రాష్ట్రం చెప్తుంది. మెడికల్ అసిస్టెంట్ టీకా వేసి పంపిస్తే అది పీపీఎస్ విజిట్ కాదు. స్కూల్ నర్స్ ఐస్ ప్యాక్ పెట్టినా కాదు, అది ఆవిడ పని, ఆవిడ జీతం డిస్ట్రిక్ట్ ఇస్తుంది. స్కూల్ నర్స్‌కీ క్లినిక్‌కీ మధ్య గీత మొదటిరోజే గీయకపోతే ఆవిడ క్లినిక్ నా కుర్చీకి ఎసరు పెట్టిందనుకుంటుంది, క్లినిక్ వాళ్ళు ఈవిడ పిల్లల్ని పంపట్లేదంటారు, ఆవిడ పంపకపోతే మీకు విజిట్లు లేనట్టే.

సరే, రేటు బాగుందనుకుందాం, ఇక కారిపోయేది ఎక్కడంటే మొదటిది కన్సెంట్ ఫారం, పిల్లాడిని చూడ్డానికి పేరెంట్ ఒప్పుకుంటూ సంతకం పెట్టే కాగితం. నా పదిహేనేళ్ళ అనుభవంలో స్కూల్ క్లినిక్ డబ్బు ఎక్కువ పోయింది ఆ ఒక్క కాగితంలోనే. మామూలు క్లినిక్‌లో అమ్మ పక్కనే ఉంటుంది, కార్డు తీసి ఇస్తుంది. స్కూల్లో పదకొండేళ్ళ పిల్లాడు ఒక్కడే వస్తాడు, మీ ఇన్సూరెన్స్ ఏంటి అంటే "తెలీదు" అంటాడు, మా అమ్మ పర్స్‌లో ఉంటుంది అంటాడు. ఆగస్టులో పంపే ఫారంలో ఇన్సూరెన్స్ పేరు అని ఒక గీత మాత్రమే పెడితే "మెడికెయిడ్" అని రాసి పంపుతారు, నంబర్ ఉండదు, ఏ ప్లాన్ అని ఉండదు. కార్డు జిరాక్స్ తీసి పంపమంటే మసిబొగ్గులా వస్తుంది. మేమిప్పుడు ఫారంలో పిల్లాడి పేరు కార్డు మీద ఎలా ఉందో అచ్చం అలాగే రాయండి అని పెద్దక్షరాలతో పెట్టాం, ఎందుకంటే రెండు ఇంటిపేర్లున్న హిస్పానిక్ పిల్లలకి స్కూల్ రికార్డులో ఒకటి, మెడికెయిడ్‌లో ఒకటి ఉంటుంది, సిస్టమ్ "మెంబర్ దొరకలేదు" అని విసిరికొడుతుంది. మన పిల్లలూ తక్కువేం కాదు, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ముందు, కంపెనీ ఇన్సూరెన్స్‌లో ఇంటిపేరు వెనక, స్కూల్లో వాళ్ళ నాన్న పేరు ఇంటిపేరైపోయి ఉంటుంది. ఒక తెలుగు పిల్లాడి క్లెయిమ్ మూడుసార్లు వెనక్కొస్తే చివరికి నేనే వాళ్ళమ్మకి ఫోన్ చేసి తెలుగులో అడిగితే తేలింది, కార్డు మీద వాడి పేరూ తాతగారి పేరూ కలిసి ఒకే ముక్కగా ఉన్నాయి.

ఇంకో సంగతి, ఉచిత లంచ్ తినే పిల్లల లిస్టు స్కూల్ దగ్గర ఉంటుంది కదా, వాళ్ళలో చాలామందికి మెడికెయిడ్ వస్తుంది కదా, ఆ లిస్టు ఇచ్చేయమని క్లినిక్ వాళ్ళు అడుగుతారు. అలా ఇవ్వకూడదు. స్కూల్ రికార్డుల గోప్యతకి 1974 ఫెర్పా చట్టం, క్లినిక్ రికార్డుల గోప్యతకి హిప్పా చట్టం, రెండిటికీ పేరెంట్ సంతకం విడివిడిగా కావాలి, కాబట్టి ఒకే కాగితం మీద రెండు సంతకాల గళ్ళు పెట్టించండి. రెండోసారి కాగితం పంపితే తిరిగొచ్చేవి సగం కూడా ఉండవు.

ఎలిజిబిలిటీ, అంటే ఆ రోజుకి ఇన్సూరెన్స్ ఉందా లేదా అన్నది, ప్రతి విజిట్‌కీ చెక్ చేయాలి, ఏడాదికోసారి కాదు. కోవిడ్ టైంలో మెడికెయిడ్ ఎవర్నీ తీసేయలేదు, 2023 మార్చి 31తో అది ముగిసింది, ఆ తర్వాత కాగితం పంపలేదనీ అడ్రస్ మారిందనీ అర్హత ఉన్న పిల్లల్ని కూడా లిస్టులోంచి తీసేశారు, మాకు ఒక్కో రోజు వరసగా నలుగురి కవరేజీ లేదని వచ్చేది. 2024 జనవరి 1 నుంచి 19 ఏళ్ళలోపు పిల్లలకి అన్ని రాష్ట్రాల్లోనూ 12 నెలలు కంటిన్యూగా ఉంచాలని రూల్ వచ్చింది, కొంచెం ఊపిరాడింది. నా సలహా ఏంటంటే అప్లికేషన్ నింపిపెట్టే మనిషి ఒకరు వారానికి రెండు రోజులైనా ఆ స్కూల్లో కూర్చోవాలి. పై లెక్కలో ఇన్సూరెన్స్ లేని 288 విజిట్లలో సగానికి మెడికెయిడ్ తెప్పించినా 190 చొప్పున 27,360, ఆ మనిషి జీతంలో పెద్ద భాగం అక్కడే వచ్చేస్తుంది, ఆ పిల్లలకి కళ్ళజోడూ పళ్ళ డాక్టరూ కూడా వస్తాయి.

రెండోది, పీసీపీ గొడవ. మేనేజ్డ్ కేర్‌లో ప్రతి పిల్లాడికీ ఒక ప్రైమరీ డాక్టర్ పేరు రాసి ఉంటుంది, ఆ పిల్లాడు ఆయన్ని జన్మలో చూసి ఉండకపోవచ్చు, కానీ స్కూల్లో మనం చూస్తే ప్లాన్ "పీసీపీ మీరు కాదు" అని డినై చేస్తుంది. ఇది రాష్ట్రాన్ని బట్టి మారిపోతుంది. మేరీలాండ్‌లో స్కూల్ హెల్త్ సెంటర్‌కి పిల్లాడు రిఫరల్ లేకుండా తనే వెళ్ళొచ్చు, ప్లాన్ కట్టాల్సిందే. న్యూయార్క్‌లో ఏళ్ళ తరబడి ఈ సెంటర్లని మేనేజ్డ్ కేర్‌లోంచి బయట పెట్టి మెడికెయిడ్ నేరుగా కట్టింది, లోపలికి తెస్తామని తేదీ చెప్పడం, వాయిదా వేయడం ఎన్నిసార్లు జరిగిందో. మీ రాష్ట్రంలో ఏముందో మెడికెయిడ్ ప్రొవైడర్ మాన్యువల్‌లో చూడమని చెప్పండి, ప్లాన్ సేల్స్ మనిషి మాట నమ్మకండి, ఆయన "ఏం ప్రాబ్లం లేదు" అంటాడు, ఆ మాట ఈమెయిల్‌లో రాయమంటే మాత్రం వారం రోజులు జవాబుండదు. ప్లేస్ ఆఫ్ సర్వీస్ కోడ్, అంటే వైద్యం ఎక్కడ జరిగిందో క్లెయిమ్ మీద వేసే నంబర్, కూడా అప్పుడే అడిగి రాయించుకోండి. స్కూల్‌కి 03, ఎఫ్‌క్యూహెచ్‌సీకి 50. స్కూల్లో ఉన్న ఎఫ్‌క్యూహెచ్‌సీకి ఏది వేయాలంటే నాలుగు ప్లాన్లు నాలుగు రకాలుగా చెప్తాయి, తప్పు వేస్తే కంప్యూటరే తిప్పి కొడుతుంది, మనిషి దాకా కూడా వెళ్ళదు.

మూడోది క్రెడెన్షియలింగ్, అంటే మన డాక్టర్నో నర్స్ ప్రాక్టీషనర్నో ప్లాన్ తన లిస్టులో ఎక్కించుకోవడం, దీని మీద నాకు కోపం ఉంది కాబట్టి చెప్పే తీరతా. ఒక సంవత్సరం మా కొత్త నర్స్ ప్రాక్టీషనర్ ఆగస్టులో చేరింది, చాలా మంచి మనిషి, పిల్లలు వరస కట్టేవారు. ఒక ప్లాన్‌లో ఆవిడ పేరు ఎక్కేసరికి డిసెంబర్. పాత తేదీ నుంచి ఇస్తారేమో అని క్లెయిములన్నీ పట్టుకుని కూర్చున్నాం, ఇవ్వలేదు, అప్రూవల్ తేదీ నుంచే అన్నారు. ఒక సెమిస్టర్ మొత్తం ఆ ప్లాన్ పిల్లలందర్నీ ఫ్రీగా చూసినట్టయింది. మనిషిని ఆగస్టులో తీసుకుంటే కాగితాలు ఏప్రిల్లో మొదలుపెట్టాలి, ఆఫర్ లెటర్‌తో పాటే సీఏక్యూహెచ్ ప్రొఫైల్ (ప్లాన్లు డాక్టర్ల వివరాలు చూసుకునే ఆన్‌లైన్ రికార్డు) అప్‌డేట్ చేయించాలి. ఇది గ్రాంట్ టైమ్‌లైన్‌లో ఎక్కడా రాసి ఉండదు.

ఇక స్పోర్ట్స్ ఫిజికల్. ఆగస్టు వచ్చిందంటే ఫుట్‌బాల్ టీం మొత్తం ఫారం పట్టుకుని వస్తుంది. మొదటి ఏడాది మేం రెండు రోజుల్లో 41 మందిని చూసి జెడ్02.5 అని డయాగ్నసిస్ కోడ్ వేసి పంపాం, అది స్పోర్ట్స్ పరీక్ష కోడ్, అన్నీ వెనక్కొచ్చాయి. చాలా ప్లాన్లు స్పోర్ట్స్ ఫారం కోసం చేసిన పరీక్షకి కట్టవు. అదే పిల్లాడికి ఆ ఏడాది వెల్ చైల్డ్ విజిట్, అంటే ఏటా చేసే పూర్తి ఆరోగ్య పరీక్ష, అయ్యుండకపోతే, పూర్తి చెకప్ చేసి, టీకాలు చూసి, డిప్రెషన్ ప్రశ్నలు అడిగి, తిండీ నిద్రా మాట్లాడి, 12 నుంచి 17 ఏళ్ళ వయసుండి ముందే మన పేషెంట్ అయితే 99394 అనే విజిట్ కోడ్, జెడ్00.129 అనే డయాగ్నసిస్ కోడ్‌తో బిల్ చేస్తే కడతారు, ఉద్యోగం ఇన్సూరెన్స్ అయితే కోపే (పేరెంట్ చేతినుంచి కట్టే వాటా) కూడా ఉండదు, స్పోర్ట్స్ ఫారం ఆ విజిట్లోనే నింపి ఇచ్చేయొచ్చు. గుర్తుంచుకోండి, పని చేసి కోడ్ వేయాలి, పది నిమిషాల్లో గుండె విని పంపించి ఈ కోడ్ వేస్తే అది మోసం, ఆడిట్లో దొరికితే కట్టిన డబ్బు తిరిగివ్వాలి, పైన ఫైన్.

ఇక్కడే ఇంకో ముల్లుంది. చాలా ఉద్యోగం ఇన్సూరెన్సులు వెల్ విజిట్‌కి ఏడాదికి ఒక్కసారే కడతాయి. మనం సెప్టెంబర్లో చేశాం, వాళ్ళమ్మ అక్టోబర్లో ఊళ్ళో పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది, ఆయన క్లెయిమ్ డినై అయ్యింది, ఆయన మన మీద విరుచుకుపడ్డాడు. తప్పు కూడా మనదే, మనం కనుక్కోవాల్సింది. అప్పటినుంచి వెల్ విజిట్‌కి ముందు పాత విజిట్ ఎప్పుడైందో ప్లాన్ పోర్టల్లో చూస్తాం, డాక్టర్ ఎవరో ఉంటే ముందు వాళ్ళకి ఫోన్ కొడతాం, చూశాక నోట్ ఫ్యాక్స్ చేస్తాం. ఊళ్ళో పిల్లల డాక్టర్లు మీ కమిటీకి ఎదురు తిరిగారంటే ఎక్కువసార్లు కారణం ఇదే, డబ్బు పోతుందని భయం, దాన్ని తీసిపారేయకుండా వాళ్ళని పిలిచి కూర్చోబెట్టండి.

టీకాల గురించి ఒక్క మాట. మెడికెయిడ్ పిల్లలకీ ఇన్సూరెన్స్ లేనివాళ్ళకీ వ్యాక్సిన్స్ ఫర్ చిల్డ్రన్ ప్రోగ్రాం కింద టీకా ఫ్రీగా వస్తుంది, 1994 నుంచీ నడుస్తోంది, కాబట్టి టీకా ఖరీదు బిల్ చేయకూడదు, వేసినందుకు ఫీజు మాత్రమే. ఉద్యోగం ఇన్సూరెన్స్ పిల్లల టీకాలు మాత్రం మీరే కొనుక్కుని వేరే అరలో పెట్టుకోవాలి. ఫ్రిజ్ ఒకటే, అరలు రెండు, తలుపు మీద టేపు వేసి రాసిపెట్టుకోండి, కలిసిపోతే ఇన్‌స్పెక్షన్లో చచ్చే చావు.

కౌన్సెలింగ్ అసలు బలం. నిజం చెప్పాలంటే మా సైట్లలో ఈమధ్య గొంతునొప్పి కన్నా పానిక్ ఎటాక్‌లే ఎక్కువ. పిల్లాడు అక్కడే ఉంటాడు కాబట్టి అపాయింట్‌మెంట్ తప్పడం తక్కువ, ప్రతి వారం వస్తాడు, 45 నిమిషాల సెషన్‌కి బిల్లింగ్ కోడ్ 90834. ఒకేరోజు మెడికల్ విజిట్, కౌన్సెలింగ్ రెండూ జరిగితే రెండు పీపీఎస్‌లు కడుతుందా ఒకటే కడుతుందా అనేది రాష్ట్రాన్ని బట్టి, ముందే కనుక్కోండి, ఒకటే అంటే షెడ్యూల్ వేరే రోజుకి మార్చుకోవచ్చు, అయితే పిల్లాడు ఏడుస్తూ వచ్చినరోజు మాత్రం కోడ్ సంగతి మర్చిపోయి చూడాల్సిందే.

ఇప్పుడు బిల్ చేయకూడనివి. ఇది చాలా కమిటీల్లో పెద్దవాళ్ళు మాట్లాడ్డానికి మొహమాటపడతారు. పదహారేళ్ళ పిల్ల సుఖవ్యాధి టెస్ట్‌కి వచ్చిందనుకోండి, అన్ని రాష్ట్రాల్లోనూ ఆ వైద్యానికి మైనర్ తనే ఒప్పుకోవచ్చు అని చట్టం ఉంది. కానీ వాళ్ళ నాన్న కంపెనీ ఇన్సూరెన్స్‌కి బిల్ చేస్తే ఈఓబీ అని ఒక కాగితం ఇంటికెళ్తుంది, ఫలానా తేదీన ఫలానా ల్యాబ్ టెస్ట్ అని. కాగితం టేబుల్ మీద పడిన రాత్రి ఆ ఇంట్లో ఏం జరుగుతుందో మన ఇళ్ళు తెలిసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. అందుకని అలాంటి విజిట్లు చాలా క్లినిక్‌లు ఉద్యోగం ఇన్సూరెన్స్‌కి పంపనే పంపవు, టైటిల్ టెన్ (ఫ్యామిలీ ప్లానింగ్‌కి ఫెడరల్ ప్రభుత్వమిచ్చే) డబ్బో, గ్రాంటో, స్లైడింగ్ ఫీజో (ఆదాయాన్ని బట్టి తగ్గే ఫీజు) వాడతాయి. మెడికెయిడ్‌లో ఆ బెడద తక్కువ గానీ మీ ప్లాన్లు ఏం పంపుతాయో అడిగి తెలుసుకోండి. సాఫ్ట్‌వేర్లో ఆ విజిట్ మీద టిక్ పెడితే క్లెయిమ్ వెళ్ళకుండా ఆగిపోవాలి, ఫ్రంట్ డెస్క్ జ్ఞాపకశక్తి మీద వదలొద్దు. ఈ డబ్బు రాదు, రాకూడదు, లెక్కలో ముందే తీసేయండి.

కోపే, డిడక్టిబుల్ సంగతి. స్కూల్ క్లినిక్ అంటే ఫ్రీ అనుకుని పేరెంట్ సంతకం పెడుతుంది, తర్వాత డిడక్టిబుల్, అంటే ఇన్సూరెన్స్ కట్టడం మొదలుపెట్టేముందు మనమే కట్టాల్సిన మొత్తం, అయిపోలేదని జ్వరం విజిట్‌కి 110 డాలర్ల బిల్ ఇంటికెళ్తుంది, ఆవిడ వాట్సాప్ గ్రూప్‌లో పెడుతుంది, నెక్స్ట్ ఇయర్ కన్సెంట్లు సగమైపోతాయి. మన తెలుగు వాళ్ళలో ఇదొకటీ, ఇంకో భయమొకటీ, అది గవర్నమెంట్ ఫ్రీ క్లినిక్ అట, పిల్లాడిని పంపిస్తే గ్రీన్ కార్డ్‌కి ఇబ్బందేమో అని. మీ సొంత కంపెనీ ఇన్సూరెన్స్‌తో చూపించుకోవడానికీ దానికీ సంబంధం లేదని ఫారంలోనే రాయండి. ఎఫ్‌క్యూహెచ్‌సీలో పేదరిక రేఖకి రెండింతల లోపు ఆదాయం ఉన్నవాళ్ళకి స్లైడింగ్ ఫీజు ఉంటుంది, డబ్బు కట్టలేదని ఎవర్నీ వెనక్కి పంపకూడదు. కానీ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళందరికీ కోపే మాఫీ అని బోర్డు పెట్టడం మాత్రం ప్లాన్ కాంట్రాక్టుకి అడ్డొస్తుంది, లాయర్‌ని అడక్కుండా ఆ మాట పేపర్ మీద పెట్టకండి.

మీ ప్రశ్న చివర్లో "మా డిస్ట్రిక్ట్ ఇప్పటికే మెడికెయిడ్ బిల్లింగ్ చేస్తోంది కదా" అన్నారు. అది వేరే గొట్టం. స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లలకి ఐఈపీలో (ఆ పిల్లాడికి ఏ సేవలు ఇవ్వాలో స్కూల్ రాసే ప్లాన్) రాసిన స్పీచ్ థెరపీ, ఫిజికల్ థెరపీ లాంటివాటికి మెడికెయిడ్ డిస్ట్రిక్ట్‌కి కడుతుంది, 1988 చట్టం నుంచీ ఉంది. అందరికీ ఫ్రీగా చేసే సేవకి మెడికెయిడ్ కట్టదు అని పాత రూల్ ఒకటుండేది, 2014 డిసెంబర్లో సీఎంఎస్ (మెడికెయిడ్ చూసే ఫెడరల్ ఏజెన్సీ) దాన్ని తీసేసింది, అప్పటినుంచి ఐఈపీ లేని మెడికెయిడ్ పిల్లలకి స్కూల్ నర్స్ చేసినదానికి కూడా, రాష్ట్రం తన ప్లాన్ మార్చుకుంటే, అడగొచ్చు. 2022 గన్ చట్టంలో దీనికి రాష్ట్రాలకి 50 మిలియన్ల గ్రాంట్లు పెట్టారు, 2023 మేలో సీఎంఎస్ పెద్ద గైడ్ కూడా ఇచ్చింది. మంచిదే, అడగండి, కానీ ఆ డబ్బు డిస్ట్రిక్ట్‌కి వస్తుంది, క్లినిక్‌కి కాదు, ఒకే సేవకి ఇద్దరూ బిల్ చేస్తే ఇద్దరూ ఇరుక్కుంటారు. అందులో కొంత క్లినిక్‌కి ఇస్తామని డిస్ట్రిక్ట్ బోర్డు ఒప్పుకుంటే అది అగ్రిమెంట్లో రాయించండి, నోటి మాటగా కాదు, సూపరింటెండెంట్లు మారుతుంటారు.

మిగిలిన సగం ఎవరిస్తారు అంటే, టీచర్‌తో మాట్లాడిన అరగంట, క్లాసుకెళ్ళి పిల్లాడిని తెచ్చిన పది నిమిషాలు, అమ్మకి చేసిన ఆరు ఫోన్లు, వీటికి ఏ ఇన్సూరెన్సూ కట్టదు, స్కూల్ క్లినిక్ గొప్పతనమంతా వాటిలోనే ఉంది, అదే చిక్కు. న్యూయార్క్, ఒరెగాన్, కనెక్టికట్ లాంటి రాష్ట్రాలు స్టేట్ బడ్జెట్‌లోంచి కొంత ఇస్తాయి. మీ రాష్ట్రం ఇవ్వకపోతే డిస్ట్రిక్ట్, కౌంటీ, ఊళ్ళో హాస్పిటల్, ముగ్గురిలో ఎవరో ఏడాదికి ఇంత అని రాసిచ్చే కాగితం ఉండాలి. గది అద్దె, కరెంట్, ఇంటర్నెట్, ఊడ్చే మనిషి, వేసవి సెలవుల్లో తాళంచెవి డిస్ట్రిక్ట్‌వే అని కూడా అందులోనే ఉండాలి, తాళంచెవి అని నవ్వకండి, మాకు ఒక జూన్ మొత్తం బిల్డింగ్ అలారం కోడ్ ఇవ్వక సైట్ మూతపడింది.

గ్రాంట్ మొదటి ఏడాది అయ్యేలోపు కాదు, మొదటి రోజు నుంచే బిల్ చేయండి. గ్రాంట్ ఉంది కదా రెండో ఏడాది మొదలుపెడదాం అన్నవాళ్ళని ఇద్దర్ని చూశా. మేనేజ్డ్ కేర్ ప్లాన్లు చాలావాటికి క్లెయిమ్ గడువు మూణ్ణెల్లో ఆర్నెల్లో, పాతవి వెనక్కెళ్ళి వేయలేరు, పైగా మొదటి ఆర్నెల్ల డినైయల్స్ చూస్తేనే మీ లోపాలు మీకు తెలుస్తాయి, ఆ నేర్చుకునే టైంకి గ్రాంట్ డబ్బు అండగా ఉన్నప్పుడే తప్పులు చేయాలి.

మీరు వచ్చే మీటింగ్‌కి మూడు అడిగి పెట్టుకోండి: నడిపేది ఎవరు, వాళ్ళకి మీ రాష్ట్ర మెడికెయిడ్ ఇచ్చే విజిట్ రేటెంత, ఆ స్కూల్లో మెడికెయిడ్ పిల్లలు సుమారు ఎంతమంది. అవి కింద రాస్తే పై లెక్క మీ అంకెలతో వేసిస్తా. కన్సెంట్ ఫారం డ్రాఫ్ట్ ఉంటే అది కూడా పెట్టండి, పేర్లేమీ లేకుండా, ఇన్సూరెన్స్ గళ్ళు ఎలా ఉన్నాయో చూసి చెప్తా.